పేలిక కట్టిన చిక్కుడు చెట్టు

మా చిన్నప్పుడు... మిర్యాలగూడలో మా ఇంటి వెనక, చేదబావి పక్కన అమ్మ చెట్టు చిక్కుడు పెట్టేది. పందిరి అక్కర్లేదు. మోకాలెత్తు పొదలు. అంట్లు కడిగిన నీళ్లే వాటికి తడి.

బాగా కాసిన చెట్టు ఒకటి చూసి, దానికి పాత చీర పేలిక కట్టేది. ఆ చెట్టు కాయలు కూరకు తెంపకూడదు. చెట్టు మీదే ఎండాలి. ఆ గింజలను బూడిదలో కలిపి సీసాలో పోస్తే వచ్చే ఏటికి విత్తనం.

నాకు ఎనిమిదేళ్లప్పుడు, చెల్లితో వంటల ఆట ఆడుతూ ఆ చెట్టునే దూసేశాను. దొరక్కుండా పేలిక విప్పి పక్క చెట్టుకు కట్టాను. కోతులొచ్చాయని చెప్పాను.

"ఏం కోతులురా అవి... పేలిక ఇప్పి ఇంకో చెట్టుకు కట్టి పోయినయ్?" అంది అమ్మ.

కొట్టలేదు. మర్నాడు బస్సెక్కి త్రిపురారంలో అమ్మమ్మ దగ్గరికి వెళ్లి, పిడికెడు గింజలు కొంగున కట్టుకొచ్చింది. నల్ల గింజ, తెల్ల గీత.

పెళ్లయ్యాక ఆ విత్తనం నా భార్య చేతికి వచ్చింది. ఆమె కూడా పేలిక కట్టేది... తన చీరలది.

పోయిన చలికాలం ఆమెను హైదరాబాద్‌లో దవాఖానలో చేర్చాం. బట్టల కోసం ఇంటికి వచ్చినప్పుడు చూశాను. పేలిక చెట్టు కాయలు ఎండి ఉన్నాయి. ఆమే వచ్చి తెంపుకుంటుందని వదిలేశాను.

తిరిగి వెళ్లగానే అడిగింది.

"చిక్కుడు ఎండిందా? తెంపిండ్రా?"

"తెంపిన. బూడిద కలిపి సీసల పోసిన."

"నీళ్ల పొయ్యి ముట్టియ్యక నెలాయె. బూడిద యాడిది మీకు?"

"పక్కింటోళ్లను అడిగిన."

"అబ్బో... పనిమంతులైండ్రు" అని కళ్లు మూసుకుంది.

నాలుగు రోజులకు పోయింది. ఆ నాలుగు రోజుల్లోనే ఇక్కడ వాన పడింది. కార్యాలన్నీ అయ్యాక పెరట్లోకి వెళ్తే కాయలు నల్లబడి, బూజు పట్టి ఉన్నాయి. గింజ నొక్కితే మెత్తగా చితికింది. పేలిక ముడి మాత్రం ఊడలేదు.

అమ్మ నా అబద్ధాన్ని వెంటనే పట్టుకుంది. ఈమె పట్టుకుందో లేదో... తెలియదు.

ఇప్పుడు రైతుబజారులో ఏడాది పొడవునా చిక్కుడు దొరుకుతుంది. విత్తనం కావాలంటే ప్యాకెట్ కొంటున్నారు. త్రిపురారంలో అడగడానికి అమ్మమ్మ లేదు.

మీ ఇళ్లలో విత్తనపు చెట్టుకు ఏం గుర్తు పెట్టేవారు? నల్ల గింజ, తెల్ల గీత... ఆ చెట్టు చిక్కుడు ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. బస్సెక్కి నేనే వస్తాను.

పిడికెడు చాలు. సీసా ఖాళీగానే ఉంది.