ఎర్రగీతలు నా వరుసల కిందే

లాక్‌డౌన్‌లో ఈ పరాయిదేశంలో, చెర్రీవుడ్‌లోని మా ఫ్లాట్ నుంచే ఉద్యోగం చేసేవాణ్ణి. మా టీములో కొత్తగా చేరిన తెలుగమ్మాయి సెట్టింగుల ఫైల్లో ఏది మార్చినా పనిచేసేది కాదు. “డిగ్రీలున్నాయి గానీ పని రాదు,” అని మేనేజరు దగ్గర ఈసడించాను. రుజువు చూపిద్దామని, అలాంటి ఫైళ్లలో తప్పులు పట్టే లింటర్ ప్లగిన్ పెట్టి, వీడియో కాల్‌లో అందరి ముందూ నడిపాను. ఎర్రగీతలన్నీ నేను రాసిన వరుసల కిందే పడ్డాయి. పాత విలువ చెరపకుండా, అదే సెట్టింగును కింద మళ్లీ రాయడం నాకు నేనే నేర్చుకున్న పద్ధతి. పాపం, ఆమె పైది మార్చేది. ప్రోగ్రాము కిందది చదివేది.

“గ్రాండ్, అంకుల్! పాతవి నేను తీసేస్తాలెండి,” అంది, పర్లేదనడానికి ఇక్కడివాళ్లు వాడే మాటతోనే. తిట్టినా బాగుండేది. మేనేజరు వింటూనే ఉన్నాడు, నా మైకూ ఆన్‌లోనే ఉంది. ఆమె తప్పేం లేదన్న ఒక్క ముక్క చెప్పకుండానే మ్యూట్ నొక్కాను.