డెబ్బై ఎనిమిది ఎవరిది?

మా ఆయన హనుమంతుకు తాగుడు లేదు, పేకాట లేదు. ఎవరైనా ఆ మాట మెచ్చుకోలుగా అంటే నాకు ఒళ్లు మండేది. ఆ రెంటికీ బదులు నాణేల పిచ్చి ఉందని వాళ్లకేం తెలుసు? పోనీ చెల్లే నాణేలా అంటే అదీ కాదు. కొత్తకోటలో బెంగళూరు రోడ్డు పక్కన మాది చాయ్ హోటల్. ముందు హోటల్, వెనక ఒకటే గది. తా దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టు, ఆ గదిలోని ఒక్క బీరువాలో పై అర ఆయన ఆల్బమ్‌ది. నా చీరలు కింద ట్రంకుపెట్టెలో ఉండేవి.

ఈ పిచ్చి అంటించింది గిరి. ఖతర్‌లో మేస్త్రీ పని చేసి వచ్చినవాడు, ఒకనాడు చాయ్ తాగి, గుర్తుగా ఉంచుకొమ్మని ఒక బిళ్ల ఇచ్చి పోయాడు. దాని మీద ఓడ బొమ్మ, 1978 అని అంకెలు. మా ఆయన పదో తరగతి మెమోలో పుట్టిన సంవత్సరమూ అదే. తను మన ఊళ్లో పుట్టిన ఏడే ఇది ఖతర్‌లో పుట్టిందని ఆ రోజంతా వచ్చిన ప్రతివాడికీ చూపించాడు. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

అప్పటినుంచి ఎక్కడ పుట్టిన డెబ్బై ఎనిమిదైనా ఆయనకు తోబుట్టువే. కారు ఆగితే చాలు, చాయ్‌తో పాటు విదేశీ బిళ్లలున్నాయా అని అడిగేవాడు. నేపాల్ నాణెం మీద 2035 అని ఉంటే, అది వాళ్ల లెక్క, మన లెక్కలో డెబ్బై ఎనిమిదేనని నాకు గంటసేపు చెప్పాడు. జపాన్ దానికి నడుమ బెజ్జం ఉంది. నల్లపూసల్లో గుచ్చుకుంటానని నేనంటే, ఆ రాత్రే ఆల్బమ్‌ను నాకందని చోట పెట్టాడు.

పాలమూరులో నాణేలవాళ్లు ప్రదర్శన పెడతారనీ, ఎవరు పుట్టిన ఏటి నాణేలు వాళ్లు పరిచి చూపేందుకు ఒక వరుస బల్లలు వేస్తారనీ ఎవరో చెప్పారు. యాభై దేశాలతో అక్కడ కూర్చోవాలి, ముందు తన పేరూ తన ఏడూ రాసిన అట్టముక్క ఉండాలి. ఆయన కోరికంతా అదే. నలభై తొమ్మిది దగ్గర ఏడాదిన్నర ఆగిపోయాడు. యాభయ్యోది, ఐర్లండ్‌ది, 2016 కృష్ణా పుష్కరాలకు మేం బయల్దేరే పొద్దున పోస్టులో వచ్చింది. పాత రూపాయంత ఉంది, ఒక వైపు చేప బొమ్మ. ఆయన నేల మీద నడవలేదు.

బీచుపల్లి బస్సులో మాతో మా అత్త గుర్వమ్మ, మా ఆయన అక్క యాదమ్మ ఉన్నారు. యాదమ్మ వదిన బడి మొహం చూడలేదు. చిన్నప్పుడు గొర్రెపిల్లల వెంట, పెళ్లయ్యాక గొర్రెల వెంట. ఆధార్ కార్డులో ఆమె పుట్టినరోజు జనవరి ఒకటి. కార్డు చేసినవాడు మొహం చూసి ఏదో ఏడు వేశాడు. ఆఫీసులో ఎవరైనా వయసు అడిగితే ఆమె మా మొహాలు చూసేది.

మా ఆయన పట్టలేక ఆ నాణేన్ని తల్లి చేతిలో పెట్టాడు, చేప బొమ్మ చూడమని. అప్పుడే బస్సు కృష్ణ మీద వంతెన ఎక్కింది. బస్సులోని చేతులన్నీ కిటికీల్లోంచి బయటికి పోయాయి. నది దాటుతూ బిళ్ల వేయనివాళ్లు మా వైపు ఎవరు? మా అత్త చేయి కూడా అలవాటుగా కళ్లకద్దుకుంది, అలవాటుగానే బయటికి పోయింది. చేప నీళ్లలోకి వెళ్లిపోయింది.

మా ఆయన ఒడ్డుకు వచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయాడు, మునగనన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఆయన మొహం చూశాక పాపమనీ అనిపించింది. మా అత్త మూడు మునకలు వేసి తడి బట్టలతో వచ్చి అడిగింది.

"ఒక్క బిళ్లకు గింత ఫికర్ ఎందుకు కొడుకా?"

"అది నేను పుట్టిన ఏడుది అమ్మా. ఎన్నేండ్లు ఎదురుచూసిన్నో నీకెరుకనా?"

"నువ్వు పుట్టింది పుష్కరాల ఏడు రా. గప్పుడు నువ్వు నా కడుపుల ఉన్నవని మీ బాపు నన్ను నీళ్లల్ల దిగనియ్యలే. చెంబుతోని తెచ్చి నెత్తి మీద చల్లిండు."

నేను పన్నెండేసి చొప్పున వెనక్కి లెక్కవేశాను. 2004, 1992, 1980. డెబ్బై ఎనిమిదిలో పుష్కరాలు లేవు.

అప్పుడు మా అత్త ఆ సంగతి చెప్పింది. ఆ రోజుల్లో బడిలో చేర్చాలంటే పిల్లవాడి చేయి తల మీదుగా అవతలి చెవికి అందాలి. మా ఆయనకు నాలుగేళ్లు కూడా లేవు, చేయి నడినెత్తి దాటలేదు. పక్కనున్న యాదమ్మ వదిన, ఇట్లా పెట్టు తమ్మీ అని తన చేయి చెవికి అందించి చూపించింది. ఎన్నేళ్లని సారు అడిగితే, ఉత్తచేతులతో తిరిగిపోవడం ఇష్టం లేక మా మామ ఆరేళ్లన్నాడు. ఆ ఆరేళ్లు పిల్లవాడివి కావు, చెయ్యి అందిన పిల్లవి. ఇద్దరినీ చేర్చితే గొర్రెపిల్లల్ని చూసేవాళ్లు లేరు. సారు వేళ్ల మీద లెక్కపెట్టి తమ్ముడి పేరు పక్కన అక్క ఏడు రాశాడు. యాదమ్మ వదిన చెంగు పిండుకుంటూ అంతా విన్నది.

తర్వాత నాలుగు రోజులు ఆయన ఆల్బమ్ తీయలేదు. చక్కెర లేని చాయ్ ఇద్దరికి పోశాడు. పీడ వదిలిందని నేను సంతోషించాలి కదా, నాకే ఏదో పోయినట్టయింది. ఎనభైవి మళ్లీ ఏరుకో, అందరినీ నేనే అడుగుతానని నా నోటితో నేనే అన్నాను. అయితే ఇవి ఎవరివి మరి, అని అడిగాడు. అడిగినవాడే అదోలా నవ్వాడు.

అయిదో రోజు రాఖీ పున్నమి. వదిన వచ్చి రాఖీ కట్టింది. నేను తెచ్చిన చీర ఇచ్చాను. మా ఆయన బీరువా పై అరలోంచి ఆల్బమ్ తీసి ఆమె ఒళ్లో పెట్టాడు.

"అక్కా, గిది నీ ఏడు. గిన్ని దినాలు నా తాన ఉండె."

వదినకు అక్షరాలు రావు గానీ ఫోన్లో అంకెలు నొక్కడం వచ్చు. ఒక్కో బిళ్ల మీద వేలు పెట్టి ఏడు, ఎనిమిది అని వెతుక్కుంది. గీడ గూడ ఉంది, గీడ గూడ ఉంది అని ఖతర్ నుంచి కెన్యా దాకా పోయింది. నేపాల్ దగ్గర ఆగి, వీళ్లు తప్పు రాసిండ్రు అన్నది. మా ఆయన మళ్లీ గంటసేపు చెప్పాడు.

మరుసటి ఏడు పాలమూరు ప్రదర్శనలో బల్ల వెనక కూర్చున్నది ఆమే, ఆ రాఖీ చీరలోనే. మా ఆయన వెనక నిలబడి, ఎనభైలో పుట్టిన నాణేలున్నాయా అని వచ్చేవాళ్లను వేపుకు తింటున్నాడు. ఖాళీగా ఉన్న యాభయ్యో గడి ఏమిటని ఎవరడిగినా, అది కృష్ణమ్మ తాన ఉందని వదిన చెప్తోంది. అట్టముక్కలు రాసే అతను పెన్ను పట్టుకుని వచ్చి పేరు, పుట్టిన ఏడు అడిగాడు. ఆమె ఈసారి మా మొహాలు చూడలేదు.

"యాదమ్మ. పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిది."

అతను రాసి ముందు నిలబెట్టి పోయాడు. వదిన ఆ అట్టను కాస్త సరిచేసి నా చేయి పట్టుకుంది.

"నా ఏడు ఎవ్వలూ రాసుకోలేదనుకున్న శైలజా. నలభై తొమ్మిది దేశాలోళ్లు రాసి పెట్టిండ్రు."