బబుల్‌గమ్ గోళీలు చెరిగిన మా అక్కయ్య

అక్కయ్య పోయింది. బుధవారం ఉదయం వాళ్ల కోడలు తడిచేతులతోనే మా గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చి, "చిన్నత్తగారూ, అత్తయ్యగారు ఎంత పిలిచినా పలకట్లేదండి" అంది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లాను. మంచం పక్కన కాఫీ గ్లాసు, దాని మీద మూత. మూత తియ్యలేదు. గ్లాసు ఇంకా వెచ్చగానే ఉంది. అక్కయ్య చెయ్యి మాత్రం చల్లబడిపోయింది.

అక్కయ్య అంటే నా తోడబుట్టింది కాదు. మా వారి అన్నగారి భార్య, నా తోటికోడలు. ఒకే వీధిలో కాపురాలు చేశాం, ఒకే కొట్టులో కూర్చున్నాం, ఒకరి వంట ఒకరం తిన్నాం. చూడ్డానికి వచ్చినవాళ్లు అరుగు మీద కూర్చుని, "మంచావిడేనండీ, కాకపోతే మొండిది. ఆ మొండితనంతోనే నడిచే కొట్టు పాడుచేసుకుంది" అని చెప్పుకున్నారు. నేను గదిలో అక్కయ్య కాళ్ల దగ్గర కూర్చుని విన్నాను. అప్పుడేమీ అనలేకపోయాను. నాకు నలుగురిలో నోరు పెగలదు. వానొస్తే ఇల్లు కారుతుందేమోనని, రాకపోతే బావి ఎండిపోతుందేమోనని భయపడే మనిషిని. చదివింది అయిదో తరగతి. అయినా ఆ మాటకి జవాబు రాయకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

పెద్ద తుపాను మా ముమ్మిడివరం వైపు కొబ్బరిచెట్లన్నీ పడేసి వెళ్లిన సంగతి మీకు తెలిసిందే. మా రెండు కుటుంబాలకీ ఉన్న తోట ఒక్క రాత్రిలో నేల మీదుంది. మొక్క నాటి అది కాపుకొచ్చేదాకా ఏం తింటామని నేను ఏడుస్తూ కూర్చుంటే, అక్కయ్య వెళ్లి బస్సులు ఆగేచోట, బడికి వెళ్లే దారిలో చిన్న కొట్టు మాట్లాడి వచ్చింది. నోటుపుస్తకాలు, పెన్నులు, బిస్కట్లు, రిబ్బన్లు పెట్టాం. పొద్దున ఆవిడ కూర్చునేది, మధ్యాహ్నం నేను.

ఏడాది తిరిగాక రాజమండ్రి నుంచి ఒక ఏజెంటు వ్యానులో వచ్చాడు. మా కొట్టు ముందు మిషను పెడతానన్నాడు. ఎర్ర ఇనప మొండెం, దాని మీద గాజు బుర్ర, బుర్ర నిండా రంగురంగుల బబుల్‌గమ్ గోళీలు. రూపాయి బిళ్ల పెట్టి పిడి తిప్పితే లోపల చక్రం తిరిగి ఒక గోళీ కింద గూట్లో పడుతుంది. మిషను ఆయనది, గోళీలు ఆయనే తెచ్చి పోస్తాడు, చోటు మాది.

"వద్దక్కయ్యా, పిల్లలకి షాకు కొడితే?" అన్నాను.

"అది కరెంటుది కాదే."

"అయినా సరే."

అక్కయ్య పకపకా నవ్వింది. మిషను వచ్చింది. దాంతోపాటు బడి మొత్తం మా కొట్టుకి వచ్చింది. చేతిలో బిళ్ల లేని పిల్లలు కూడా ఒకసారి పిడి ముట్టుకుని పోయేవారు. పిల్లల వెనక తల్లులు, తల్లులు వచ్చేక పుస్తకాలు, పెన్నులు. నిజం చెప్పాలంటే ఆ గాజు బుర్రే మమ్మల్ని నిలబెట్టింది. అందుకే తర్వాత జరిగినదానికి నేనంత భయపడ్డాను.

మూడో నెల నుంచి సరుకు మారింది. ఒక తల్లి నీలం నాలికతో ఉన్న పిల్లని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, "రెండు రోజులైందండీ, తోమినా పోవట్లేదు" అంది. కొన్ని గోళీలు గచ్చకాయల్లా ఉండేవి, పన్ను దిగేది కాదు. కొన్ని పైకి నున్నగా ఉండి కొరికితే సున్నంలా రాలిపోయేవి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్దది చక్రంలో ఇరుక్కుంటే బిళ్ల పోయేది, గోళీ రాదు, పిల్ల ఏడుపు. ఏజెంటుకి చెబితే, "చిన్నపిల్లల సరుకండీ ఇది. కాసేపు నమిలి ఉమ్మేసేదే కదండీ" అన్నాడు.

"ఆయ్, ఉమ్మేసేదేనండీ" అంది అక్కయ్య. "ఉమ్మేసేలోగా రంగంతా ఎక్కడికి పోద్దంటారు?"

ఆయన నవ్వేసి మరో సంచి దింపి వెళ్లిపోయాడు.

ఆ రోజే అక్కయ్య ఇంట్లోంచి రెండు చేటలు తెచ్చింది. సంచి విప్పి గోళీలు చేటలో పోసి, బియ్యం చెరిగినట్టు చెరగడం మొదలుపెట్టింది. గట్టి గోళీ గుండ్రంగా దొర్లిపోతుంది, పగిలింది ఎగిరి అంచుకి వస్తుంది, డొల్లది చప్పుడులోనే తెలిసిపోతుంది. రాళ్లు ఏరినట్టు ఏరి, చెడ్డవి ఒక రేకుడబ్బాలో వేసేది. ప్రతి సంచికీ ఒక గోళీ ముందు తను నమిలేది. నన్నూ నమలమనేది. "పిల్లల నోట్లోకి వెళ్లేది ముందు మన నోరు చూడాలే" అనేది. బస్సు కోసం నిలబడ్డవాళ్లకి అదో వేడుక. "ఏంటండీ వదినగారూ, బబుల్‌గమ్ములు చెరిగేస్తున్నారు, పరవాన్నం వండుతారా ఏంటి?" అని ఒకాయన అడిగాడు. "ఆయ్, మీకు రెండు గరిటెలు ఎక్కువే వేస్తాంలెండి" అంది దవడ ఆడిస్తూనే. యాభై దాటిన ఇద్దరు ఆడవాళ్లం నడిబజారులో బబుల్‌గమ్ నమలడమేమిటని నేను కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. ఆవిడ పెట్టుకునేది కాదు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. దాచుకోను.

శ్రావణమాసంలో అక్కయ్య కాట్రేనికోనలో చెల్లెలి ఇంటికి నాలుగు రోజులు వెళ్లింది. వాన తెరిపి ఇవ్వలేదు. మన దగ్గర ఆ తడిగాలికి ఉప్పే నీరవుతుంది, బబుల్‌గమ్ ఒక లెక్కా? బుర్రలో గోళీలు చెమటపట్టి ఒకదానికొకటి అతుక్కోవడం మొదలుపెట్టాయి. నాకు కంగారు. అక్కయ్య వచ్చేసరికి అంతా పాడైపోతే? ఆలోచించి ఆలోచించి, పనసకాయ కోసేటప్పుడు చేతికి కొబ్బరినూనె రాసుకుంటాం కదా, జిగురు అంటకుండా, ఇదీ జిగురే కదా అనుకున్నాను. గోళీలన్నీ పళ్లెంలో పోసి, అరచేతిలో నూనె వేసుకుని పసిపిల్లకి రాసినంత శ్రద్ధగా రాశాను. ఆ రోజు పూసల్లా మెరిశాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను. మర్నాటికి మెత్తబడ్డాయి. మూడోనాటికి బుర్రంతా ఒకే ముద్ద, అన్ని రంగులూ కలిసి తాటితాండ్రలా. చక్రం బిగుసుకుపోయింది.

అక్కయ్య బస్సు దిగి చూసింది. నేను ఏడుస్తూ చెప్పాను. తిడుతుందనుకున్నాను. "పనసకాయ అనుకున్నావా?" అని, కూర్చుని, కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది.

మర్నాడు ఏజెంటు వచ్చాడు. బుర్ర మూత తీసి వాసన చూశాడు. "కొబ్బరినూనె!" అన్నాడు, దొంగ దొరికినట్టు. "ఎవరు రాసేరండీ ఇది?"

నేను అక్కయ్య వెనక్కి జరిగాను. "మేమేనండీ" అంది అక్కయ్య. నా పేరు చెప్పలేదు. "ఈ బుర్రలో ముద్దయింది మా పొరపాటు. దానికి మాదే పూచీ."

"అదీ సంగతి. ఇన్నాళ్లూ రంగు పోతోంది, రాయిలా ఉంది అన్నారే, అంతా మీరు చేసుకున్నదేనన్నమాట."

"కాదండి. అదుగో ఆ రేకుడబ్బాలోవి నూనె మొహం చూడని గోళీలు. అవి మీ తప్పు."

ఆయన ఒక కాగితం తీసి ఏదో రాసి అక్కయ్య ముందు పెట్టాడు. సరుకు మొదటినుంచీ మంచిదేనని, కొట్టువాళ్లు సరిగ్గా నిల్వ చెయ్యక పాడుచేశారని. "ఇక్కడ సంతకం పెట్టండమ్మగారూ. మా పైవాళ్లకి చూపించుకోవాలి. పెడితే రేపే కొత్త సరుకు పోస్తాను. లేదంటే మిషను ఇప్పుడే ఎక్కించుకుపోతానండి."

నేను అక్కయ్యని చెయ్యి పట్టుకుని కొట్టు లోపలికి లాగాను. "పెట్టేసెయ్ అక్కయ్యా. ఒక్క సంతకం. మిషను పోతే పిల్లలు రారు, పిల్లలు రాకపోతే మన గతేంటి? ఆ కాగితం ఎవరు చదువుతారు?"

"నేను చదివాను కదే" అంది.

"ముద్ద చేసింది నేనే కదా."

"నీ తప్పు ఒప్పుకున్నాను కదా. మన తప్పు మనం మోద్దాం. ఆయనది కూడా మన నెత్తిన ఎందుకే?"

బయటికి వచ్చి, "బాబూ, మీ వ్యానులో కుట్టు విప్పని సంచి ఒకటి ఇలా తీసుకురండి" అంది. బస్సు కోసం ఆగినవాళ్లంతా చుట్టూ చేరారు. అందరి ముందూ తేనంటే బాగుండదని తెచ్చాడు. కుట్టు ఆయనచేతే విప్పించింది. చేటలో పోసి చెరిగింది. పెంకులు ఊకలా లేచి కింద పడ్డాయి. తెల్ల తువ్వాలు తడిపి ఒక గోళీ రుద్దితే తువ్వాలు ఎర్రబడింది. ఎవరూ నవ్వలేదు. అప్పుడు చేటంతా వెతికి, ఉన్నవాటిలో మంచిది ఒకటి ఏరి ఆయనకి అందించింది.

"తినండి."

"నాకలవాటు లేదండి" అన్నాడు ఆయన నవ్వుతూ.

"తినవయ్యా, ఆవిడ ప్రేమగా పెడుతుంటే" అని గుంపులోంచి ఎవరో అన్నారు.

"పోనీ మీకు పాప ఉందన్నారు కదా మొన్న. పాపకి పట్టుకెళ్లండి" అంది అక్కయ్య.

ఆయన నవ్వు ఆగిపోయింది. చెయ్యి చాపలేదు. అక్కయ్య చెయ్యి మాత్రం చాపే ఉంది. ఎంతసేపో నాకు తెలియదు, అమలాపురం బస్సు వచ్చింది, ఎవరూ ఎక్కలేదు, కండక్టరు కూడా దిగి చూస్తున్నాడు.

"మీ పాప తినకూడనిది మా పిల్లలకి వద్దండి. మిషను ఎక్కించుకోండి" అంది. కాగితం నాలుగు మడతలు పెట్టి ఆయన జేబులో తనే పెట్టింది.

ఎక్కించుకున్నాడు. వారం తిరక్కుండా అదే మిషను, అవే గోళీలతో, రోడ్డుకి అవతల ఎదురుకొట్టు ముందు వెలిసింది. పిల్లలు అటు వెళ్లారు. మా బేరం సగానికి పడిపోయింది. అది నిజం, కాదనను. కానీ అరుగు మీద కూర్చుని "పాడుచేసుకుంది" అన్నవాళ్లకి చెబుతున్నాను, కొట్టు పాడవలేదు. చిక్కిపోయింది, అంతే. మళ్లీ నాటిన మొక్కలు కాపుకొచ్చేదాకా ఆ కొట్టే మా రెండు ఇళ్లకీ అన్నం పెట్టింది. పల్చగా పెట్టింది, కానీ ఆ అన్నం తినడానికి మేం ఎవరి ముందూ తలొంచలేదు. ఆ రోజు సంతకం పెట్టమని బతిమాలింది నేను. మొండితనమని అప్పుడు నేనూ అనుకున్నాను. ఇవాళ ఎవరైనా ఆ కాగితం నా ముందు పెడితే, దేవుళ్లందరికీ మొక్కుకుంటాను, కాని పెట్టను. అంత భయస్తురాలిని నేనే పెట్టనంటుంటే, అక్కయ్యని మీరు మొండిది అంటే అనండి, మొండిదే.

మిషను ఎదురుకొట్టుకి వెళ్లిన మొదటి రోజు నాకు బాగా గుర్తు. బడి విడిచిపెట్టారు. పిల్లలు మా వైపు ఒకసారి దొంగచూపు చూసి రోడ్డు దాటుతున్నారు. వాళ్ల మొహాలు చూడలేక నేను లోపలికి వెళ్లిపోయాను. అక్కయ్య గడపలోకి వచ్చి నిలబడి కేకేసింది. "ఒరేయ్, బస్సొస్తోంది, చూసి దాటండర్రా! గోళీ నోట్లో పెట్టుకునే ముందు అరచేతిలో రుద్ది చూడండి. రంగంటితే పారెయ్యండి!"

నేను తలుపు సందులోంచి చూశాను. బస్సు ఆగి, దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది. దుమ్ము తగ్గేక చూస్తే, రోడ్డుకి అవతల మిషను పక్కన ఏడెనిమిది మంది పిల్లలు వరసగా మా వైపు తిరిగి నిలబడి ఉన్నారు. అందరూ అరచేతులు పైకెత్తి అక్కయ్యకి చూపిస్తున్నారు. ఒకటి ఎర్రగా, ఒకటి నీలంగా, ఒకటి పచ్చగా.