ఒక్క కుర్చీ ఉన్న ఇల్లు

మా నగరం శివారు బుకిట్ పంజాంగ్‌లో ఒక ఇంటికోసం వెతుకుతున్నాను. అది లేదని నాకు తెలుసు. ఆకుల కప్పు, చెక్క గోడలు ఉన్న మా అమ్మమ్మ ఇంటిని నేను పుట్టకముందే కూల్చేశారు.

జలసంధి అవతల జొహోర్ రబ్బరు తోటల నుంచి పారిపోయి వచ్చిన మనవాళ్లు ఆ ఇంట్లో తలదాచుకునేవారు. "వాళ్లు బానిసలేమిటండీ, ఒప్పందం మీద వచ్చిన కూలీలు" అని సభల్లో నన్ను సరిదిద్దే పెద్దమనుషులున్నారు. పారిపోయినవాణ్ణి వెతికి పట్టుకుని, కొట్టి, వెనక్కి లాక్కుపోయేదాన్ని ఒప్పందమంటే నేనొప్పుకోను.

ఆ ఇంటిని చూసినవాళ్లలో ఇక మిగిలింది పెద్దమ్మే. ఈమధ్య ఆమె మా పేర్లే మరిచిపోతోంది. ఆ చోటు కూడా మరిచిపోకముందే చూపించమని మొన్న ఆదివారం బయల్దేరదీశాను. ఆమె కొడుకైన మా అన్నయ్య కూడా వచ్చాడు. మహా భక్తుడు; నేను దేవుణ్ణి నమ్మను.

"వెతుక్కుంటూ తోటోళ్లు ఇంటి లోపలికొచ్చి కూడా పారిపోయొచ్చిన మనిషిని పోల్చుకోలేకపోయారంటే, అమ్మవారు కళ్లు కప్పినట్టే గదరా" అన్నాడు ట్రెయిన్లో.

"అంత శక్తి ఉంటే ఆ తోటల్నే లేకుండా చేయొచ్చుగా!" అన్నాను.

"మొదలెట్టావా. నీకు ట్రెయిన్లో కూడా మైకు కావాలి."

పెద్దమ్మ కసురుకుంది. "ఆ ఇంట్లో ఉన్నది నేనా, మీరా?"

అప్పట్లో ఇంట్లో ఒక్కటే కుర్చీ అని చెప్పుకొచ్చింది. వచ్చినవాళ్లను ముందు అందులో కూర్చోబెట్టాలన్నది అమ్మమ్మ నియమం. ఊరూ కులమూ అడగడమన్నది లేదు. తోటలో నిలబడటమే తప్ప ఎరగని వాళ్లు నేలమీదే కూలబడేవారట. అమ్మమ్మే వాళ్ల రెక్క పట్టుకుని లేపి కూర్చోబెట్టేదట.

"తోటోళ్లొచ్చిన రోజు, పారిపోయొచ్చినాయన కుర్చీ అంచున ఒదిగి కూర్చున్నాడు. ఇంతలో వాకిట్లో కంగాణి గొంతు. తోటలో కూలీల్ని తోలేది వాడే. అమ్మ ఈయన చేతిలో వేడి కోపి గ్లాసెట్టి, 'కాలుమీద కాలేసుకో బావా' అంది. కంగాణి లోపలికొచ్చాడు. కుర్చీలో కూర్చున్నోడు కూలీ అని వాడనుకుంటేగా, ఆయన మొహం చూడ్డానికి! కట్టెల కొట్టంతా వెతుక్కుని పోయాడు."

"బావా అందా?" అన్నాడు అన్నయ్య.

"మీ తాత కూడా అలాగే అడిగాడు."

స్టేషన్లో దిగాక పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఫ్లాట్ల మధ్య తిరిగింది. "బావి ఇటుండేది" అంది. నాలుగడుగులేసి, "కాదు, అటు" అంది. అటు చూస్తే వరసగా ఆపిన కార్లు. చివరికి ఒక బ్లాకు కింద రాతి బల్ల మీద కూర్చుండిపోయింది.

"ఇక్కడే అనుకోరా. అనుకుంటే ఏం పోద్ది?"

అన్నయ్య నా వంక చూసి నవ్వాడు. "ఏదీ, ఇప్పుడు కాదని చెప్పు."

ఇన్నేళ్లుగా నేను పోట్లాడుతున్నది సరిగ్గా ఆ 'అనుకుంటే ఏం పోద్ది'తోనే. ఆధారం లేనిదాన్ని అనుకోవడం నాకు చేతకాదు. ఆ మధ్యాహ్నం మాత్రం చేతనైతే బాగుండుననిపించింది. పెద్దమ్మ పక్కన చోటు చూపించి, "నిలబడ్డావేం, కూర్చో" అంది.

కూర్చున్నాను. ఇక్కడే అని అనుకోలేకపోయాను. లేచి వెళ్లబుద్ధీ కాలేదు.