కోట దిబ్బ ఇటుక

ఫోన్ ఆటలో నేను రోజూ కట్టి కూల్చే శాతవాహనుల నగరం నిజంగా ఎలా ఉండేదో చూద్దామని విశాఖపట్నం నుంచి ధూళికట్ట బయల్దేరాను. పెద్దపల్లిలో ఎక్కిన బస్సులో పక్క సీటు పెద్దావిడ నా ఫోన్‌లోని కోటగోడను చూసి, ఒళ్లో ఉన్న సంచి విప్పింది. లోపల మూరెడు పొడవున్న పాత ఇటుక.

“గిది మా ఊరి కోట దిబ్బది బిడ్డా. మా అవ్వ పొయ్యికి పెట్టుకున్నది. అవ్వ యాదికని నేను పెద్దపల్లికి తీస్కపోయిన. ఇగ దిబ్బకే ఇచ్చేస్త.”

“ఎవరైనా అడిగారా అమ్మా?”

“ఎవలు అడగలే. నీ ఆటల ఊరు కూలితే మళ్ల కట్టుకుంటవ్. మా ఊరికి గీ ఇటుకలే ఉన్నయి.”

బస్సు దిగాక సంచి నేనే మోశాను, బరువుకు నా చేయి లాగేసింది. దిబ్బ అంచున ఇటుకను దించబోతే, అక్కడ అప్పటికే పొయ్యి మసి అంటిన ఇటుకలు మరో నాలుగు ఉన్నాయి.