నేను కాపాడిన దోనె

ఆ రోజుల్లో ట్రెయినింగు స్కూలు సర్టిఫికెట్టు చేతబట్టుకుని బయటికొచ్చిన మేష్టరుకి తెలియని సంగతంటూ ఉండేది కాదు. పోనీ, ఆ మేష్టరైనా అలా అనుకునేవాడు. ఇది ముప్ఫైల నాటి మాట. నాకప్పుడు ఇరవై రెండో ఏడు. ఏలూరులో పుట్టి, ఏలూరులో చదివి, నీళ్లంటే నూతిలోవీ కాలవలోవీ తప్ప ఎరగని నన్ను కొల్లేటి నడుమ ఒక లంకలో బడికి వేశారు. చుట్టూ సరస్సు, మధ్యన కాస్త ఎత్తయిన మెట్ట, దానిమీద చేపలు పట్టుకు బతికేవాళ్ల ఇళ్లు నలభై. అందులో ఒక తాటాకు ఇంట్లో నేనూ, మా ఆవిడా, మూడు నెలల మా పెద్దమ్మాయీ. మా ఆవిడది తాడేపల్లిగూడెం. తనకీ ఈ నీళ్లు కొత్తే. అయితే తనకి సర్టిఫికెట్టు లేదు గనక, తెలియనిది పక్కింటివాళ్లని అడిగి తెలుసుకునేది.

ఆ పక్కింట్లో ఉండేది వలల మామ్మ. అరవై దాటిన మనిషి. భర్త పోయాడు, కూతురు కూడా భర్తని పోగొట్టుకుని తల్లి దగ్గరికే వచ్చేసింది. వాళ్లిద్దరి జీవనాధారం ఒక తాటిదోనె. తాటి మొద్దు తొలిచి చేసిన చిన్న పడవ అన్నమాట. తెల్లారకముందే మామ్మ గెడ వేసుకుంటూ వెళ్లేది, పొద్దెక్కేసరికి చేపలతో వచ్చేది. ఆ లంకలో దోనె నడపడంలో ఆమెని మించిన మగవాడు లేడని మగవాళ్లే ఒప్పుకునేవారు.

ఆ ఏడు కార్తీకంలో ఒక ఉదయం తాలూకా కచేరీ బంట్రోతు పడవ మీద వచ్చి నా చేతికో కాగితం ఇచ్చి వెళ్లాడు. పెద్ద గాలివాన రాబోతోంది, ప్రజలు జాగ్రత్త పడవలసిందని దాని సారాంశం. నేను వెంటనే బడిగంట కొట్టించి ఊరందరినీ పిలిపించాను. కుర్చీ ఎక్కి కాగితం చదివాను. చదివి ఊరుకున్నానా? నల్లబల్ల మీద సముద్రం బొమ్మ వేసి, గాలి ఎలా సుడి తిరుగుతుందో బాణం గుర్తులతో అరగంట పాఠం చెప్పాను. అందరూ చేతులు కట్టుకుని, "అలాగేనండి మేష్టారండీ" అంటూ విన్నారు. చివరికి మామ్మ మాత్రం ఎంతో వినయంగా, "తమరు సెలవిప్పిస్తే ఎల్లొస్తామండి బాబూ, ఇంకా రెండిళ్ల కప్పులు కట్టాలండి" అంది. అప్పుడు చూశాను. ఊళ్లో దాదాపు కప్పులన్నిటి మీదా పాత వలలు పరిచి, మూలలు లాగి గుంజలకి కట్టేసి ఉన్నాయి. నీటిపక్షులు రెండు రోజులుగా కనబడకపోవడం చూసి వాళ్లు పనిలో దిగారట. (నేనూ రెండు రోజులుగా ఆ వలలు చూస్తూనే ఉన్నాను. ఆరబెట్టుకున్నారనుకున్నాను.)

ఇంటికెళ్తే మా ఆవిడ తలకి గుడ్డ చుట్టుకుని పనిలో మునిగి ఉంది. మంచినీళ్ల కుండల మూతులకి గుడ్డ వాసెన కట్టింది. అటుకులూ బెల్లం డబ్బాలో పోసింది. అగ్గిపెట్టె నూనెగుడ్డలో చుట్టి అటక మీద పెట్టింది. పిల్ల పొత్తిగుడ్డలన్నీ మూటగట్టి బడికి పంపడానికి సిద్ధం చేసింది. పెంకుల కప్పుతో, ఎత్తు మీద ఉన్న ఇల్లు ఆ లంకలో బడి ఒక్కటే.

"ఇవన్నీ ఎవరు చెప్పారు?" అన్నాను.

"మామ్మ చెప్పిందండీ. మీరూ ఏదైనా పని చూడకూడదూ?"

ఆ మాట తగిలింది. ఏదో ఒక ఘనకార్యం చేయాలని పొద్దు వాలుతుండగా ఒడ్డుకి బయల్దేరాను. అక్కడ దోనెలు ఒక్కటీ లేవు. ఎక్కడో భద్రంగా దాచుకున్నారనుకున్నాను. ఒక్క మామ్మ దోనె మాత్రం గట్టు వార లోతులేని నీళ్లలో మునిగి, అంచు ఒక్కటే కనబడుతోంది. పాపం, ఊరందరి కప్పులూ కడుతూ తన దోనె మాట మరిచిపోయింది కాబోలని నా గుండె కరిగిపోయింది. పంచె ఎగగట్టి దిగాను. దోనె నిండా బంకమట్టి ముద్దలు. ఎవరో గిట్టనివాళ్లు వేశారని తిట్టుకుంటూ ఒక్కొక్కటే తీసి పారేశాను. చిప్పతో నీళ్లన్నీ తోడాను. దోనె తేలింది. దాన్ని గట్టుమీదికి సగం లాగి, గుంజకి నాకు తెలిసిన ముడి వేసి, ఎవరికీ చెప్పకుండా ఇంటికొచ్చాను. గాలివాన వెలిశాక మామ్మ చూసి ఆశ్చర్యపోవాలని నా ఉద్దేశం.

మర్నాడు తెల్లవారుతూనే గాలి అందుకుంది. ఊరంతా బళ్లో చేరాం. గాలి అరుపుకి పక్కనున్నవాళ్ల మాట వినబడలేదు. పెంకులు ఒకటొకటే లేచిపోతుంటే ఆ సందుల్లోంచి వాన ధారలు. మా ఆవిడ పిల్లని పొట్టకి అదుముకుని మూల కూర్చుంటే, మామ్మా ఆమె కూతురూ వాళ్లిద్దరి చుట్టూ తడిక అడ్డం పట్టుకుని మధ్యాహ్నం దాకా నిలబడ్డారు. నేను నల్లబల్ల పట్టుకుని తలుపుకి ఆనించి నిలబడ్డాను. నా పాఠంలోని బాణం గుర్తులు నా కళ్లముందే కరిగి కారిపోయాయి. ఎలాగో చెవినపడుతున్న పిల్ల ఏడుపు ఆగినప్పుడల్లా నా ప్రాణం పోయేది, మళ్లీ ఏడిస్తే తిరిగొచ్చేది. పొద్దు వాలే వేళకి గాలి తగ్గింది. లెక్క చూసుకుంటే నలభై ఇళ్లవాళ్లమూ ఉన్నాం. అంతకన్నా కోరేదేముంది?

మర్నాడు మగవాళ్లు నీళ్లలోకి దిగి, మునిగున్న దోనెల్ని ఒక్కొక్కటే పైకి తేల్చడం మొదలుపెట్టారు. మట్టి ముద్దలు తీసి, నీళ్లు తోడి, "బాగుందిరా" అనుకుంటున్నారు. గాలికి ఎగిరిపోకుండా దోనెల్ని వాళ్లే ముంచుకుంటారన్న సంగతి నాకప్పుడు బోధపడింది. మామ్మ దోనె గట్టుకి చాలా దూరాన జమ్ముగడ్డిలో రెండు చెక్కలై దొరికింది.

మామ్మ ఏడవలేదు. ఆ చెక్కల పక్కన కూర్చుని తన చేతులకేసి చూసుకుంది. "సరిగ్గా ముంచలేకపోయానర్రా. మట్టి చాల్లేదో ఏటో. చేతుల్లో సత్తువ పోయింది. ఇంక దోనె నా చేతికివ్వకండి" అంది. కూతురు ఏదో చెప్పబోతే, "కాదే అమ్మా, ముసిల్దాన్నయిపోయాను" అంది. అలా అన్నప్పుడు ఆమె నిజంగానే ముసలిదిలా కనబడింది. అంతకుముందు ఎప్పుడూ అలా కనబడలేదు.

నేను ఇంటికొచ్చి కూర్చున్నాను. మా ఆవిడ నా ముఖమూ, దండెం మీద మట్టి మరకల పంచే చూసింది. అడిగితే అంతా చెప్పేశాను. "నన్నెవరూ చూడలేదు" అని కూడా అన్నాను. (ఆ మాట తలుచుకుంటే ఈనాటికీ చెవులు వేడెక్కుతాయి.)

"దోనె పోతే ఇంకోటి తొలుచుకోవచ్చండీ. తనకి చేతకాదని ఆవిడ అనుకుంటోంది. మీరు చెప్పకపోతే ఆవిడ ఎన్నాళ్లు బతికినా అదే అనుకుంటుంది" అంది మా ఆవిడ.

వెళ్లాను. ఊరంతా ఒడ్డునే ఉంది. ముంచిన దోనెని నేనే పైకి తీశాననీ, మట్టి నేనే పారేశాననీ, కాపాడుతున్నాననుకున్నాననీ చెప్పాను. తిట్లకి సిద్ధపడి నిలబడ్డాను. మామ్మ తలెత్తి నాకేసి చూసింది.

"అయితే మట్టి చాలిందాండీ?"

"బోలెడుంది మామ్మా. తియ్యడానికి నాకు గంట పట్టింది."

"అడుగుకంటా దిగిందాండీ?"

"అడుగు నేలకి ఆనే ఉంది మామ్మా, అంచొక్కటే కనబడింది."

ఆమె ముఖం విప్పారింది. "ఇన్నావుటే! నా చేతుల తప్పు కాదంట!" అని కూతురి భుజం మీద చరిచి, పగలబడి నవ్వింది. దాంతో ఊరంతా నవ్వింది. విరిగిన దోనె పక్కన నిలబడి మనుషులు అలా నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

గాలికి పడిన తాడి ఒకటి చూసి అందరూ కలిసి కొత్త దోనె తొలిచారు. బడి వదిలాక రోజూ నేనూ ఉలి పట్టాను. చేతులు బొబ్బలెక్కేవి, మామ్మ వాటికి ఆముదం రాసేది. ఆ తరవాత నేనక్కడున్న ఏళ్లలో మబ్బు పట్టినప్పుడల్లా, "మేష్టారండీ, ముంచుదాం రండి" అని కేకేసి, మట్టి ముద్దలన్నీ నాచేతే వేయించేది.

ఇప్పుడు ఏలూరులో మేడ ఇంట్లో ఉన్నాం. మొన్న రేడియోలో వాయుగుండమని చెప్పగానే నేను హడావిడిగా లేచి పంచె ఎగగట్టాను. మా ఆవిడ అటుకుల డబ్బా మూత బిగిస్తూ, తలైనా తిప్పకుండా అంది: "మీరు కూర్చోండి. దయచేసి దేన్నీ కాపాడకండి."

కూర్చున్నాను.