మెత్తటి పగడం ఏటి తింటాది?

నేను చెప్పిన దాంట్లో సగం తీసేసి వినడం కంచరపాలెంలో అందరికీ అలవాటు. అందుకే ఎనభైల్లో మా ఇంటి గాజుతొట్టిలో పగడాన్ని పెంచి, ఒక్కసారైనా వాళ్ళ నోళ్ళు మూయించాలని పంతం పట్టాను.

ఫిషింగ్ హార్బర్‌లో ఒక బోటువాళ్ళ వలలో రాయితో సహా వచ్చింది అది. అరచేతిలో పట్టేంత, చిన్న చిన్న వేళ్ళతో, తడిసిన రబ్బరులా ఉంది. తొట్టిలో అప్పటికే రెండు సముద్రపు చేపలున్నాయి. వాటి పక్కన పెట్టాను. మా చెల్లెలి మొగుడు వచ్చి చూసి పెదవి విరిచాడు.

"పగడమంటే ఉంగరంలో రాయి కదా బావ. మెత్తగా ఉందంటే నకిలీదే."

"దీనికి పానముంది బావ. పెరుగుతాది, సూడు."

"ఏటి తింటాది?"

అక్కడ దొరికిపోయాను. తెలీదనడం నా నోటికి రాని మాట.

"రొయ్యలు. గుటుక్కున మింగేత్తాది."

మర్నాటి నుంచి వీధి వీధంతా ఎండురొయ్యల పొడితో దిగింది. చల్లడం, గాజుకి ముక్కు ఆనించి కూర్చోవడం. అది మింగలేదు సరికదా, వేళ్ళు ముడుచుకుంది. పొడి కుళ్ళి ఇల్లంతా కంపు. నేను బీచ్ నుంచి క్యాన్లతో నీళ్ళు మోసుకొచ్చి మొత్తం మార్చేసేవాణ్ణి, రాయిని తోమేవాణ్ణి. మళ్ళీ పొడి, మళ్ళీ కంపు. భుజాలు పడిపోయాయి గానీ పగడం మాత్రం చిక్కిపోతూనే ఉంది.

"కూరొండుకోడానికైనా పనికిరాదు" అని మా ఆవిడ తొట్టిని ఎండ పడే కిటికీ కిందికి నెట్టించి, వీధివాళ్ళకి తలుపేసేసింది. నేనూ విసిగి, చేపలకి మేత వేయడం తప్ప అన్నీ వదిలేశాను.

వానలు తగ్గేసరికి దాని వేళ్ళు విచ్చుకున్నాయి. రాయంతా పాకి రెండింతలైంది. దాని ఒంట్లో కంటికి కనబడనంత నాచు ఉంటుందట, అది ఎండతో తిండి వండి పెడుతుందట. చేపల పెంట నీళ్ళలో కరిగితే ఆ సారాన్ని ఒళ్ళంతా పీల్చుకుంటుందట. ఈ సంగతి ఎక్కడో చదివి, నీళ్ళు మార్చిన ప్రతి రోజునీ తలుచుకుని నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా గెలిచాను కదా అని బావని పిలిచాను.

తొట్టి చుట్టూ తిరిగి చూశాడు.

"హార్బర్‌కెళ్ళి పెద్దది తెచ్చి మార్సేసావు కదేటి?"

"నాను మార్సలేదు బావ, ఒట్టు."

"మరేటి తిని పెరిగింది?"

"ఎండ. సేపల పెంట."

గుమ్మంలో నిలబడ్డ వీధంతా పగలబడి నవ్వింది. బావ నా భుజం తట్టాడు.

"రొయ్యల కతే బాగుంది బావ. అదే సెప్పు."